జోగారావు గారి గదికి స్పీకరు

1960లో, వానలు పట్టుకున్న నెలలో, మద్రాసు హెడ్డాఫీసు నుంచి నన్ను కోరాపుట్‌కు సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. సౌండు సామాను అమ్మడం, బిగించడం, పాడైతే బాగుచెయ్యడం మా కంపెనీ పని. హోదాల వరుసలో నేను మెకానిక్కుకు పైన, బ్రాంచి మేనేజరుకు కింద. కోరాపుట్‌లో బ్రాంచి అంటే ఒక గది, ఒక పాత జీపు, నేను. మేనేజరు విశాఖపట్నంలో కూర్చుని ఉత్తరాల్లో కేకలేసేవాడు.

రాయగడ, జయపురం సినిమా హాళ్ల సౌండు, లమ్తపుట్ వైపు క్యాంపుల్లో మైకు సెట్లు, బంధుగాం సంతలో ప్రభుత్వ ప్రచారం వాళ్ల కొమ్ము స్పీకర్లు, అన్నీ నా నెత్తినే ఉండేవి. యాంప్లిఫయర్లలో అప్పట్లో గాజు వాల్వులుండేవి. ఆ ఘాట్‌రోడ్ల మీద వాటిని పగలకుండా చేర్చడమే సగం ఇంజనీరింగు. మిగతా సగం, చేర్చాక అవి పలికేలా చూడడం.

అలాంటి రోజుల్లో మేనేజరు దగ్గర్నుంచి కబురొచ్చింది. రాయగడలో రిటైరైన జయపురం సంస్థానం ఉద్యోగి ఒకాయనకు హై-ఫై స్పీకరు కావాలట, వెళ్లి గది కొలిచి, మన దగ్గరున్న వాటిలో పెద్దది ఖాయం చేసుకుని రమ్మని. హై-ఫై అనే మాట అప్పుడప్పుడే మన దేశానికి దిగుతోంది. రేడియోలో వచ్చే గొంతు మనిషి గొంతులాగే ఉండాలి, వీణ వీణలాగే ఉండాలి అన్న పట్టుదలకు పెట్టిన పేరు అది. దాని కోసం స్పీకరును రేడియో పెట్టెలో ఇరికించకుండా, లెక్కకట్టి చేసిన వేరే క్యాబినెట్‌లో పెడతారు. స్టీరియో ఇంకా మా వైపు రాలేదు కాబట్టి ఒక్క స్పీకరుతోనే సంసారం.

ఆ ఉద్యోగి పేరు జోగారావు గారు. వాళ్ల తాతల కాలంలో విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి సంస్థానం కొలువులో చేరిన కుటుంబం. ఆయన చిన్న ఉద్యోగమైన అమీనుగా మొదలుపెట్టి ఠాణా మేనేజరు దాకా ఎదిగారు. ఠాణా అంటే పోలీసులది కాదు, శిస్తు వసూలు చేసి భూమి తగాదాలు తీర్చే సంస్థానపు కచేరీ. సంస్థానాలను ప్రభుత్వం తీసుకున్నాక, తాను పనిచేసిన ఆ పాత కచేరీ భవనంలోనే ఒక భాగం కొనుక్కుని ఉండిపోయారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఇంట్లో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు.

నేను వెళ్లగానే క్యాటలాగు తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

“అది తరవాత సూద్దాం, ఇంజనీరు గారూ. ముందు నా ఫిర్యాదు వినండి. మా ఇంటావిడ పెళ్లికి ముందునుంచీ వీణ వాయించీది. వేళ్లు వంకర్లు పోయి ఇప్పుడు వాయించలేదు. వినైనా వింటాదని ఈ రేడియోగ్రాం తెచ్చేను. పెట్టిన కాసేపటికే లేసి వెళ్లిపోతాది. ఏటంటే ఏదో పని సెప్తాది. ఆవిడ ఈ గదిలో కూచుని, రికార్డు అయ్యేదాకా వినాలి. నాకు కావలసింది అదొక్కటే.”

ఆయన భార్య మహాలక్ష్మమ్మ గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, “ఆయన మాటలకేం గాని బాబూ, నాకు ఇంట్లో పనులుంటాయి కదా,” అన్నారు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని అందించారు.

ఇక గది సంగతి. నా సర్వీసు మొత్తంలో అంత వికారమైన గదిని చూడలేదు. ఒక పక్క కొండ, ఒక పక్క రోడ్డు, మధ్యలో మిగిలిన చోట కట్టారు. ఒక పొడుగు గోడ తిన్నగా ఉంటే, ఎదటిది రోడ్డు వంపును పట్టుకుని ఏటవాలుగా పోయింది. అందువల్ల కొండవైపు గది వెడల్పుగా, రోడ్డువైపు కిటికీ దగ్గర ఇరుకుగా ఉండేది. పెంకుల కప్పు కూడా కొండవైపు ఎత్తుగా, కిటికీవైపు తలకు తగిలేంత కిందికి ఉండేది. రేడియో, రికార్డు ప్లేయరు కలిసి ఉన్న ఆ రేడియోగ్రాం కొండవైపు గోడకు ఆనించి ఉంది. తిన్నటి గోడకు నడుమన జోగారావు గారి కచేరీ నాటి టేకు బల్ల, దాని వెనక ఆయన కుర్చీ. ఆ చివర కిటికీ పక్కన మహాలక్ష్మమ్మ గారి పేము కుర్చీ. వానాకాలమంతా కొండవైపు గోడ చెమ్మ ఊరుతుంది కాబట్టి ఆవిడ కీళ్లకు ఆ కిటికీ ఎండ తప్ప మరో చోటు పనికిరాదని డాక్టరు చెప్పాడు. అంటే ఆ కుర్చీ కదలదు.

మా వృత్తిలో పద్ధతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ముందు స్పీకరుకు మంచి చోటు చూస్తాం, ఆ తర్వాత కుర్చీని దానికి తగిన చోటికి జరపమంటాం. కొనేవాళ్లు తలూపి జరుపుకుంటారు. కుర్చీని వదిలేసి స్పీకరును వెతకమన్న పార్టీ నాకు అదే మొదటిసారి.

గది కొలిచి పటం గీశాను. క్యాటలాగులో అన్నిటికన్నా గొప్పది మూలన పెట్టే స్పీకరు. దాని లోపల కొమ్ము మడతలు పెట్టి ఉంటుంది, గది మూలలోని రెండు గోడలనే ఆ కొమ్ముకు కొనసాగింపుగా వాడుకుంటుంది. అందుకు మూల లంబకోణంలో ఉండి తీరాలి. ఆ గదిలో లంబకోణం ఉన్న మూల ఒక్కటే, అందులో తలుపు ఉంది. ఆ విషయం చెబితే జోగారావు గారు సంతోషించారు. కుదరదని చెప్పే సేల్స్‌మాన్‌ను చూడ్డం తనకు కొత్త అన్నారు. సేల్స్‌మాన్ అన్నందుకు నాకు కాస్త కోపమొచ్చింది కానీ మింగేశాను.

మిగిలినవి రెండు. ఒకటి బీరువాలో సగం ఉండే పెద్ద క్యాబినెట్. ముందు పలకలో ఒక రంధ్రం ఉండి, లోపలి గాలిని కూడా మంద్ర స్వరాలకు పనిచేయిస్తుంది. రెండోది అందులో మూడో వంతు కూడా ఉండని మూసిన పెట్టె, మరీ కిందిస్థాయి శబ్దాలను అది పలకలేదు. రెండూ తెప్పించి ఇదే గదిలో వినిపిస్తే గానీ మాట ఇవ్వనన్నారు ఆయన. మేనేజరు సణిగాడు. చివరికి రెండు పెట్టెలూ గూడ్సులో రాయగడ స్టేషనుకు దిగాయి. వడ్రంగి అప్పలస్వామి బండి మీద తెచ్చి, కొండవైపు గోడ దగ్గర రేడియోగ్రాం ఉన్న చోటే పక్కపక్కన నిలబెట్టాడు.

జోగారావు గారు వాటి ముందు పల్చటి తెల్లబట్ట తెర కట్టించారు. ఎందుకని అడిగాను.

“కచేరీలో పార్టీల తలపాగాలు సూసి తీర్పిస్తే తప్పైపోతాదండి. గొంతు వింటే సాలు,” అన్నారు.

ముందు పెద్దదాన్ని పలికించాను. వీణ, మృదంగం ఉన్న రికార్డు. మృదంగంలో ఎడమచేతి పక్క, అదే తొప్పి, గుప్పున లేచేసరికి ఆయన అరచెయ్యి దానంతటదే బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ నిటారు మనిషి ముఖంలో అంత వెలుగు వస్తుందని నేననుకోలేదు. ఇంకేం, బేరం కుదిరినట్టే అనుకున్నాను. అప్పుడు మహాలక్ష్మమ్మ గారు లేచి, “పొయ్యి మీద పాలున్నాయి,” అంటూ వెళ్లిపోయారు.

రెండోదాన్ని పెట్టాను. ఈసారి ఆవిడ ఎక్కువసేపు కూర్చున్నారు కానీ, అప్పుడు కూడా చివరిదాకా ఉండలేదు.  గూడ్సులో రెండు పెట్టెలూ వెనక్కి పోవడం కళ్ల ముందు కనిపించింది.

జోగారావు గారు ఆవిడను పిలిచి ఏది బాగుందని అడిగారు.

“మొదటిది. అదే తీసుకోండి,” అన్నారు ఆవిడ తడుముకోకుండా.

“మొదటిదానికే కదా నువ్వు లేసిపోయేవు?”

“పాలున్నాయన్నాను కదండీ.”

తెర సర్దుతున్న అప్పలస్వామి నవ్వు ఆపుకోలేకపోయాడు. “అమ్మగోరు పాలు ఎప్పుడో దించేసినారు బాబూ. నాను సూసేను,” అన్నాడు. ఆవిడ వాడి వైపు చూసిన చూపుకు వాడు తెర వెనక్కి తప్పుకున్నాడు.

జోగారావు గారు నవ్వలేదు. నా పక్కకు తిరిగి తన కొలువు నాటి పద్ధతి ఒకటి చెప్పారు. కల్యాణసింగ్‌పూర్ వైపు వాగు గర్భాన్నే మెట్లు మెట్లుగా మలిచి వరి వేస్తారు, వాటిని జోలా పొలాలంటారు. పైమడివాడికీ కిందిమడివాడికీ నీళ్ల దగ్గర ఎప్పుడూ తగాదానే. కాగితాలతో అది తెగదు. ఆయన ఠాణాలో ఉన్నన్నాళ్లూ పొలం మీదికే వెళ్లి, పైవాణ్ని కింది గట్టు మీద, కిందివాణ్ని పై గట్టు మీద నిలబెట్టి, అక్కణ్నుంచి మాట్లాడమనేవారట. ఎదటివాడి గట్టు మీద నిలబడ్డాక సగం మంది తమ మాట తామే మార్చుకునేవారట.

ఆ మాట చెబుతూనే లేచి, గది అటు చివరికి వెళ్లి, మహాలక్ష్మమ్మ గారి పేము కుర్చీలో కూర్చున్నారు. “ఇప్పుడు మొదటిది వేయండి,” అన్నారు.

వేశాను. నేనూ ఆయన వెనక వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడ మృదంగం లేదు, వీణ కూడా లేదు. ఒకటే హోరు. తొప్పి దెబ్బ పడ్డప్పుడల్లా కిటికీ ఊచలు గలగలలాడి, వీణ ఆ హోరులో మునిగి అప్పుడప్పుడు పైకి తేలుతోంది. తగ్గించనా అని సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, రికార్డు అయిపోయేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. 

“ఎన్నాళ్లనుంచి?” అని అడిగారు భార్యను.

“ఆ రేడియోగ్రాం వచ్చినకాణ్నుంచీ.”

“సెప్పలేదేం?”

“మీరు ఎంత ముచ్చటపడి తెచ్చేరు! మీరు ఊరెళ్లినప్పుడు మీ కుర్చీలో కూచుని విన్నాను. అక్కడ సక్కగా ఉంటాది. మీకు బాగుంది కదా అనుకున్నాను.”

 నాకు ఎటు చూడాలో తెలియలేదు. జోగారావు గారి గట్టు పద్ధతిని ఆయన కంటే ముందే, ఎవరూ నేర్పకుండానే, ఆవిడ ఆయన మీదే అమలు చేశారు. ఆ దంపతులంటే నాకు గౌరవం ఆ క్షణాన పుట్టింది, ఈనాటికీ తగ్గలేదు.

ఆ సాయంత్రం ట్రావెలర్స్ బంగళాలో అన్నం ముందు కూర్చుని కూడా గట్ల గురించే ఆలోచించాను. ఒక్కసారిగా చదువుకునే రోజుల్లో బట్టీ కొట్టి మరిచిపోయిన సూత్రం గుర్తొచ్చింది. ధ్వని పుట్టే చోటునూ వినే చోటునూ ఒకదానికొకటి మార్చినా, రెంటి మధ్య గది చేసే మార్పు మారదు. ఇక్కడ స్పీకరు, అక్కడ చెవి పెడితే ఎలా వినిపిస్తుందో, అక్కడ స్పీకరు, ఇక్కడ చెవి పెట్టినా అలాగే వినిపిస్తుంది. పరీక్షలో దీనికి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదేమిటో, జోగారావు గారు చెప్పేదాకా అది ఒక పనికొచ్చే విషయమని నాకు తట్టనే లేదు. ఆవిడ కుర్చీ కదలదు కాబట్టి, స్పీకరునే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, మనం గదంతా తిరిగి వినాలి. హోరు ఎక్కడ వినపడదో అదే స్పీకరు పెట్టవలసిన చోటు.

మర్నాడు పొద్దున్నే చిన్న పెట్టెను పేము కుర్చీలో పెట్టించాను. ఆసిలేటరు అనే పరికరంతో మంద్ర స్వరాలను ఒక్కొక్కటే వదిలాను. అది పాట పాడదు, మనం అడిగిన స్వరాన్ని ఒకే తీరుగా పట్టుకుని ఉంటుంది. స్పీకరు ఎంత ఎత్తున ఉంటుందో చెవిని అంత ఎత్తుకు దించి నడవాలి కాబట్టి నేను వంగి తిరగబోయాను. జోగారావు గారు నన్ను ఆపారు.

“వినీది మేము. తిరగవలసింది నేను,” అంటూ పంచె పైకి కట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గోడ వెంట పాకుతూ బయల్దేరారు.

ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు లేచి దండం పెట్టిన మనిషి, మెడదాకా గుండీలు పెట్టుకుని, చెవి ఒక పక్కకు వంచి, నేల మీద పాకుతున్నారు. మహాలక్ష్మమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “ఏవండీ, మోకాళ్లు జాగ్రత్త,” అని ఒకటే మాట.

కొండవైపు గోడ దగ్గర హోరు. తలుపు దగ్గర హోరు. ఏటవాలు గోడ వెంట ఒక స్వరం పెరిగితే ఒకటి మాయమయ్యేది. ఆయన ఓపిగ్గా ఆగి, “ఇక్కడ కాదు,” అని ముందుకు జరిగేవారు. తిన్నటి గోడ నడుమకు వచ్చేసరికి ఆగిపోయారు. మళ్లీ ఒకసారి అన్ని స్వరాలూ వదలమన్నారు, వదిలాను. ఆయన కళ్లు మూసుకుని విని, “ఇదే. అన్నీ సమానంగా ఉన్నాయి,” అన్నారు. కళ్లు తెరిచి చూస్తే ఆయన చెవి పక్కన ఉన్నది టేకు బల్ల కాలు.

అది ఆయన బల్ల, ఆయన కుర్చీ ఉన్న చోటు. గది పొడుగుకు నడుమ భాగంలో ఆ హోరు చల్లబడుతుంది, అందుకే ఇన్నాళ్లూ ఆయనకు అది వినపడలేదు. సూత్రం తిరగేస్తే, స్పీకరు కూడా అక్కడుంటేనే ఆవిడకు హోరు తగలదు. ఇవన్నీ పటం మీద గీసి చెప్పబోయాను కానీ అవసరం లేకపోయింది.

ఆయన నేల మీదే కూర్చుని బల్ల వైపు కాసేపు చూశారు. అమీను ఉద్యోగం నుంచి ఆ బల్ల ముందే కూర్చున్నారు, రాయగడ వైపు ఎన్ని తగాదాలో దాని మీదే తెగాయి. “గదంతటికీ మంచిచోటు నేను పట్టుకు కూచుని, ఆవిడ వినదేటని మీకు ఫిర్యాదు సేసేను,” అన్నారు. తర్వాత అప్పలస్వామిని కేకేశారు. “బల్ల పక్కగదిలోకి తియ్యి.”

“అది ఎందుకండీ, వేరే సోటు సూడమనండి,” అన్నారు మహాలక్ష్మమ్మ గారు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది.

“కింది గట్టు మీద నిలబడి సూసేను కదా. ఇంకేటి సూడ్డం,” అన్నారాయన.

బల్ల వెళ్లిపోయింది. అప్పలస్వామి ఆ చోట దిట్టమైన పీట ఒకటి చేసి స్పీకరును ఆయన చెవి ఆగిన ఎత్తులో నిలబెట్టాడు. మళ్లీ తెర కట్టి రెండు పెట్టెలనూ వరుసగా వినిపించాను. ఈసారి ఆవిడ దేనికీ లేవలేదు. తీర్పు అడిగే ముందు జోగారావు గారు సాక్షికి చెప్పినట్టే చెప్పారు. “నా గురించి సెప్పకు. నీ చెవికి ఎలాగుందో అదే సెప్పు.”

 ఆవిడ ఆయన ముఖం వైపు ఒకసారి చూశారు.

“రెండోది. మొదటిదాంట్లో మంద్ర పంచమం ఒక్కటీ పొంగిపోయి పక్క స్వరాల్ని కమ్మేస్తోంది. రెండోదాంట్లో మీటు పడ్డ తరవాత తీగ సన్నగిల్లడం కూడా వినపడుతోంది.”

రెండోది చిన్న పెట్టె. తర్వాత ఆసిలేటరుతో సరిచూస్తే పెద్దదాని పొంగు ఆ పంచమం ఉండే చోటే ఉంది. ఆయనకు పెద్దదాని తొప్పి ఎంత ఇష్టమో గదిలో అందరికీ తెలుసు. ఆయన ఆ మాటే ఎత్తకుండా చిన్నదానికి ఆర్డరు రాయమన్నారు. పెద్దపెట్టె గూడ్సులో తిరుగుముఖం పట్టింది. అది చూసి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఇక్కడ వివరించడం మర్యాద కాదు.

చలికాలంలో రాయగడ సినిమా హాలు పని మీద వెళ్లి, వాల్వులు చూసిపోదామని వాళ్లింట్లో దిగాను. మా నియమం ప్రకారం బిగించిన సెట్టును అప్పుడప్పుడు వెళ్లి సరిచూడాలి. కిటికీ దగ్గర రెండు పేము కుర్చీలున్నాయి. రెండోది కొత్తది. ఆ ఇరుకు చివర ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా వేసి ఉన్నాయి, అక్కడ ఇంకోలా వెయ్యడానికి చోటు లేదు. వీణ రికార్డు తిరుగుతోంది. ఇద్దరిలో ఎవరూ నన్ను చూసి లేవలేదు. కూర్చోమని చేత్తోనే సైగ చేశారు. రికార్డు అయిపోయాకే మహాలక్ష్మమ్మ గారు కాఫీకి లేచారు.

ఆవిడ లోపలికి వెళ్లాక, తొప్పి ఎలా ఉందని ఆయన్ను అడిగాను.

“కొంచెం తక్కువేనండి,” అన్నారు. పక్క కుర్చీ చేతిని చూపించి, “ఈవిడ వేళ్లు ఇక్కడ కుర్చీ సెయ్యి మీద తాళం వేస్తాయి. అదీ వినపడతాది,” అన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా చాలా గదులకు స్పీకర్లు ఎంచాను. వాటిలో హాళ్లున్నాయి, స్టూడియోలున్నాయి, డబ్బున్నవాళ్ల బంగళాలున్నాయి. ఎక్కడికి వెళ్లినా కొలిచే టేపు తీయకముందు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారని అడిగేవాణ్ని. అందరికన్నా చెడ్డ చోట కూర్చునే మనిషి ఎవరో తెలుసుకుని, ఆ కుర్చీలో నేను కూర్చుని రికార్డు చివరిదాకా విని, ఆ తర్వాతే క్యాటలాగు తెరిచేవాణ్ని.